వంశధార కాలనీలో ప్రజాశయనం

"వంశధార కాలనీ కుళాయిల్లో నీళ్ళు పడేదాకా నా వీపు పరుపును ముట్టదు!"

ఆదివారం సాయంత్రం సుపేలా చౌరస్తాలో మైకు పట్టుకుని సత్యప్రసాద్ గారు ఈ ప్రతిజ్ఞ చేసినప్పుడు ఆటోవాళ్ళు సైతం బళ్ళు ఆపి విన్నారు. ముందు బస్సు అడ్డంగా నిలబడి ఉండటంవల్ల కదల్లేక విన్నారని గిట్టనివాళ్ళు చెప్పుకున్నారు గానీ, మహానుభావులకి గిట్టనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

సత్యప్రసాద్ గారు పార్టీ నగర శాఖలో తెలుగువాళ్ళ విభాగానికి కన్వీనరు. పదకొండేళ్ళుగా కన్వీనరే. కార్పొరేషన్ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ టిక్కెట్టు ఆయన గుమ్మందాకా వచ్చి పక్కింటికి వెళ్ళిపోయేది. ఈసారి వచ్చే ఆదివారం రాయపూర్ నుంచి పెద్ద నాయకుడొచ్చి టిక్కెట్టు ప్రకటిస్తాడు. ఆపై మంగళవారంతో నామినేషన్లు సరి. ఈలోగా ఏదో ఒక త్యాగం చేసి తీరాలి. ఏం త్యాగం చెయ్యాలో ఆయనకి ఫోన్లో దొరికింది. ఎక్కడో తెల్లవాళ్ళు పికప్ బండి వెనక తొట్టిలో గుడారం బిగించి, సరస్సు పక్కన ఆపుకుని, అందులోనే పడుకుని, పొద్దున్నే లేచి కాఫీ కాచుకుంటున్నారు.

"వాళ్ళు సరదాకి చేసేది మనం ప్రజలకోసం చేద్దాం," అన్నారాయన. దానికి 'ప్రజాశయన దీక్ష' అని పేరు పెట్టి, నారింజరంగు గుడారం ఒకటి తెప్పించారు. జిప్పు తలుపు, దోమతెర కిటికీ, లాంతరు తగిలించుకునే కొక్కెం, అన్నీ ఉన్నాయి. పికప్పు మాత్రం లేదు.

వంశధార కాలనీలో పికప్పు ఒక్కటే ఉంది. అది అప్పలసూరిది.

అప్పలసూరి శ్రీకాకుళం నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్ఫయ్యారేళ్ళు చేసి రిటైరైన మనిషి. కాలనీలో ఇరవై రెండిళ్ళూ అలాంటివాళ్ళవే. నది పేరైతే పెట్టుకున్నారు గానీ కుళాయిల్లో చుక్క పడి పదిహేడు రోజులైంది. ఆ పదిహేడు రోజులూ అప్పలసూరే తెల్లారగట్ల నాలుగింటికి లేచి, బండిమీద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుని, నందిని వైపున్న బావమరిది పొలంలో బోరుకి వెళ్ళి, ఆరున్నరకల్లా నీళ్ళు తెచ్చి వీధంతటికీ పోస్తున్నాడు. ఆయన భార్య గున్నమ్మకి నడుం దగ్గర ఎముక జరిగింది. బరువెత్తితే ఇక ఆపరేషనే అని డాక్టరు తేల్చేశాడు. ఈ బండి రాకపోతే రైలుగేటు అవతలున్న బోరింగు నుంచి బిందె మొయ్యాలి.

సోమవారం పొద్దున్నే సత్యప్రసాద్ గారు తన ముఖ్య అనుచరుడు రాజేంద్రని వెంటబెట్టుకుని వచ్చారు.

"మావా, నీ బండికి చరిత్రలో స్థానం ఇద్దామని వచ్చాను."

"సరిత్రకేటి గానీ బాబూ, ట్యాంకెక్కడెడతారు?" అంది గున్నమ్మ.

"దింపేద్దాం అత్తా."

"దింపెత్తే నీళ్ళో?"

"టెన్షన్ మత్ లో అత్తా, కంగారు పడకు. నీళ్ళ కోసమే కదా ఈ దీక్ష!"

"నీళ్ళ కోసం నీళ్ళబండి ఆపెత్తారా?"

రాజేంద్ర జాలిగా నవ్వాడు. "ఉద్యమం అంటే అలాగే ఉంటుంది అమ్మా. మీకు తెలీదు."

సత్యప్రసాద్ గారు మాత్రం విసుక్కోలేదు. ప్లాంటు మనిషితో ఏ భాషలో మాట్లాడాలో ఆయనకి తెలుసు. అప్పలసూరి భుజంమీద చెయ్యేసి, "మావా, మ్యూచువల్ చేసుకుందాం," అన్నారు.

అంతే, అప్పలసూరి నిటారుగా నిలబడ్డాడు. మ్యూచువల్ అంటే ప్లాంటులో వేదవాక్కు. నా షిఫ్టు నువ్వు చేస్తే నీ షిఫ్టు నేను చేస్తాను. కాగితం ఉండదు, సంతకం ఉండదు, నోటి మాటే. కూతురి పెళ్ళిచూపుల రోజున కూడా ఎవరికో ఇచ్చిన మాటకోసం అప్పలసూరి రాత్రి సి-షిఫ్టుకి వెళ్ళాడు. మ్యూచువల్ తప్పినవాడితో క్యాంటీన్లో ఎవరూ టీ తాగేవారు కారు.

"నాకు షుగరు, బీపీ. దోమ కుడితే మూడు రోజులు లేవను. కాబట్టి గుడారంలో పడుకునే డ్యూటీ నువ్వు చెయ్యి. నీళ్ళు తెచ్చే డ్యూటీ నాది. మా కుర్రాళ్ళు వేరే బండిమీద టంచనుగా తెచ్చేస్తారు."

"ఒకటే మాట గదా బాబూ?"

"ఒకటే మాట."

ట్యాంకు దిగింది, గుడారం ఎక్కింది. గున్నమ్మ లోపలికెళ్ళి ఖాళీ బిందె చూసుకుంది.

దీక్ష అద్భుతంగా సాగింది. రాత్రంతా అప్పలసూరి నాయకుడి శాలువా కప్పుకుని గుడారంలో నిద్రపోయేవాడు. తెల్లవారి అయిదింటికి సత్యప్రసాద్ గారు వైశాలి నగర్లోని ఇంట్లో నిద్రలేచి, పళ్ళు తోముకుని కారులో వచ్చేవారు. అప్పలసూరి వెనకనుంచి దిగేవాడు, ఆయన ముందునుంచి ఎక్కేవారు. రాజేంద్ర ఆయన జుట్టు చెరిపేవాడు. ఆరింటికి విలేకరులు రాగానే జిప్పు తెరుచుకునేది, నాయకుడు ఆవులించేవాడు. మంగళవారం పేపర్లో, రాత్రి రాజేంద్ర తీసి పంపిన ఫోటో పడింది. దుప్పటి కిందనుంచి ఒక్క పాదం మాత్రం కనిపిస్తోంది. 'ప్రజలకోసం పగిలిన పాదం' అని కింద రాశారు. పాదం అప్పలసూరిది. ఆయన ఆ ముక్క కత్తిరించి ఇనప్పెట్టెలో దాచుకున్నాడు.

నీళ్ళు మాత్రం రాలేదు.

"డీజిల్ లేదు మావా," అన్నాడు రాజేంద్ర మంగళవారం. "డ్రైవరు మీటింగులో ఉన్నాడు," అన్నాడు బుధవారం. గురువారం అడిగితే, "ప్రతిరోజూ అడగటం క్రమశిక్షణ కాదు," అన్నాడు. పైపెచ్చు దీక్ష మొదట్లోనే, నాయకుడు ఫోటోలో మొహం కడుక్కోవాలి కదా, దానికి రెండు బిందెలు కాలనీయే ఇచ్చుకోవాలని తీర్మానం చేశాడు. ఇంటికో రోజు వంతు. గురువారం వంతు గున్నమ్మది.

ఆ రోజు పొద్దున అప్పలసూరి డ్యూటీ దిగి ఇంటికెళ్ళేసరికి గున్నమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కూచోలేకపోతోంది, వంగలేకపోతోంది. 

"ఏటే, మోసీసినావా?"

"నాను మొయ్యక ఎవులు మోత్తారు? నువ్వు తొంగునే డ్యూటీలో ఉన్నావు గదా!"

అప్పలసూరికి ఏడుపొచ్చినంత పనైంది. "మాటిచ్చినాడే, తెత్తాడు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు పెళ్ళాం మొహంలోకి చూడలేకపోయాడు.

శుక్రవారం పదింటికి నీళ్ళ ఆఫీసు జీపు వచ్చింది. హరిత అనే కుర్ర ఇంజనీరమ్మ, ఇద్దరు పనివాళ్ళు, ఒక పెద్ద రెంచీ. ఆవిడ వీధి చివర గుంతలోకి తొంగిచూసి, "వాల్వు బిగుసుకుపోయిందండీ. అరగంట పని," అంది.

నాయకుడి మొహం నల్లబడిపోయింది. "అరగంటా? మేడమ్, ఏడు రోజుల దీక్షకి అరగంట పనా? ఎంత అవమానం!"

"మరి నీళ్ళు కావాలన్నారు కదండీ?"

"ఆదివారం కావాలి. పెద్దాయన వస్తున్నారు. ఆయన ఎదుట రావాలి."

"ఇప్పుడే వస్తే నష్టమేంటండీ?"

"అయితే నేను ఎందుకు పడుకున్నట్టు?" అని ఆయన గర్జించారు.

దీనికి ఇంజనీరింగులో జవాబు లేదు. రాజేంద్ర, కుర్రాళ్ళూ గుంతచుట్టూ కూచుని 'ప్రజల నోటిదగ్గర కూడు లాక్కునే అధికారులు డౌన్ డౌన్' అని నినాదాలిచ్చారు. రెంచీ మళ్ళీ జీపెక్కింది. ఇరవై రెండిళ్ళవాళ్ళూ ఖాళీ బిందెలతో గుమ్మాల్లో నిలబడి ఆ జీపు వెళ్ళిపోవటం చూశారు. "సచ్చినోడా!" అంది పక్కింటి పైడమ్మ, ఎవర్ననో చెప్పకుండా.

ఆ రాత్రి గుడారంలో అప్పలసూరికి నిద్ర పట్టలేదు. తన షిఫ్టు తాను అయిదు రోజులు చేశాడు. అవతలివాడు ఒక్కరోజూ చెయ్యలేదు. ముప్ఫయ్యారేళ్ళలో ఇలాంటివాణ్ణి చూడలేదు. నాలుగింటికి లేచాడు. మూలన పడేసిన ట్యాంకుని పైడమ్మ కొడుకుల సాయంతో బండెక్కించాడు. గుడారం విప్పడానికి టైము లేదు, ట్యాంకుని జిప్పు తలుపులోంచి అందులోకే తోసి, నందిని దారి పట్టాడు.

బోరు దగ్గర కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి ఎనిమిదైంది. వీధి మొదట్లోనే పోలీసులు బండి ఆపేశారు. నాలుగు మైకులు, రెండు కెమెరాలు, మధ్యలో తెల్లచీర కట్టుకుని సత్యప్రసాద్ గారి సతీమణి మణిమాల, పక్కనే గొంతు పోయేలా అరుస్తున్న రాజేంద్ర.

జరిగింది ఇది. అయిదున్నరకి నాయకుడు కారు దిగేసరికి పికప్పు లేదు. ఆ రోజే ఎవరో టీవీవాళ్ళు త్వరగా వచ్చేశారు. వాళ్ళ లైటు సందు తిరుగుతుండటం చూసి ఆయన పక్కనున్న పెరట్లోకి దూకి, అక్కడున్న స్నానాలగదిలో దూరిపోయారు. రాజేంద్ర మాత్రం తడబడలేదు. 'దీక్షలో నిద్రిస్తున్న నాయకుణ్ణి బండితో సహా ఎత్తుకుపోయారు' అని లైవ్‌లో చెప్పేశాడు. ఆ పెరడు అప్పలసూరిది. గదిలో మనిషి అలికిడి విని, గున్నమ్మ బయట గొళ్ళెం పెట్టింది.

ఇన్‌స్పెక్టరు తుపాకీ పట్టుకుని గుడారం జిప్పు లాగాడు. లోపల ట్యాంకు.

"నేతాజీ కహాఁ హైఁ?" అని నాయకుడి జాడ అడిగాడు.

"ఆయనిందులో ఎప్పుడూ తొంగోలేదు సార్. నానే తొంగున్నాను," అన్నాడు అప్పలసూరి.

ఇన్‌స్పెక్టరుకి తెలుగు వచ్చు. "అయిదు రోజులు పేపర్లో ఫోటో పడింది. పేపరు అబద్ధమా?"

"పాదం నాదే సార్."

"పాదానికి పేరు రాసుండదు. నువ్వు ముద్దాయివి. పక్కన నిలబడు."

నిలబెట్టారు గానీ ట్యాంకు కుళాయికి కాపలా పెట్టలేదు. పైడమ్మ ముందు బిందె పెట్టింది. రెండు నిమిషాల్లో ఇరవై రెండిళ్ళ బిందెలూ వరసలోకొచ్చాయి. కెమెరాలవైపు ఒక్కరూ తల తిప్పలేదు.

ఈలోపు కిడ్నాపుకి నిరసనగా పార్టీ కుర్రాళ్ళంతా రోడ్డు ఆపడానికి సుపేలా వెళ్ళిపోయారు. గుంతచుట్టూ ఎవరూ లేరు. హరితమ్మ జీపు చప్పుడు లేకుండా వచ్చింది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, అయిదు నిమిషాలు మిగిలాయి.

నీళ్ళు లేని రోజుల్లో ఎవరు కుళాయి కట్టేస్తారు? కాలనీలో ప్రతి కుళాయీ తెరిచే ఉంది. ఒక్కసారిగా ఇరవై రెండిళ్ళలోనూ నీళ్ళు పడ్డాయి. అప్పలసూరి పెరట్లోంచి దడదడా తలుపు బాదిన చప్పుడు.

"నీళ్ళొచ్చాయి! నీళ్ళు! తలుపు తియ్యండర్రా, తడిసిపోతున్నాను! నేను సత్యప్రసాద్‌ని!"

మైకులన్నీ అటు తిరిగాయి. ఇన్‌స్పెక్టరు రాజేంద్రని చూశాడు. రాజేంద్ర ఒక్క క్షణం ఆలోచించాడు. సుపేలాలో రోడ్డు ఆగి ఉంది, కబురు రాయపూర్లో పెద్ద నాయకుడిదాకా వెళ్ళిపోయింది.

"ఎవరో నీళ్ళొచ్చిన సంతోషంలో అరుస్తున్నాడు సార్. మా నాయకుడు కిడ్నాపయ్యాడు కదా!"

"కరెక్టే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కంప్లైంటులో స్నానాలగది లేదు."

అప్పుడే రాజేంద్ర ఫోను మోగింది. పెద్ద నాయకుడు. స్పీకరులో పెట్టమన్నాడు. గద్గదస్వరంతో, ప్రజలకోసం కనుమరుగైన ఆ త్యాగమూర్తి టిక్కెట్టుని ఆయన ధర్మపత్ని మణిమాల గారికే ఇస్తున్నామని, రేపు స్వయంగా వచ్చి ప్రకటిస్తానని చెప్పాడు. వీధిలో మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. రాజేంద్ర వెంటనే రెండడుగులు జరిగి మణిమాల వెనక నిలబడ్డాడు.

"మణీ! నేనే! నా గొంతు గుర్తుపట్టలేదా?" అన్నది స్నానాలగది.

విలేకరి మైకు ముందుకు పెట్టాడు. "మేడమ్, అది మీవారి గొంతేనా?"

మణిమాల కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా ఆయన గొంతు అలా ఉండదు," అంది.

పోలీసులు అనుమానితుల్ని వెతకడానికి జీపెక్కారు. ముద్దాయి సంగతి సాయంత్రం చూద్దామని ఇన్‌స్పెక్టరు అప్పలసూరిని ఇంటికి పొమ్మన్నాడు. గున్నమ్మ నడుం పట్టుకుని మెల్లగా వచ్చి, వంటింటి కుళాయి కింద బిందె పెట్టి, అది నిండటం కళ్ళారా చూసింది. తర్వాత మణిమాల దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"పాపం, తడిసిపోతన్నాడమ్మా. గొళ్ళెం తియ్యమంటావేటి?"

మణిమాల కెమెరాలవైపు చూసి చేతులు జోడించి, పెదవి కదపకుండా అంది.

"మంగళవారం నామినేషన్ వేసేదాకా ఉండనియ్ పిన్నీ."