రెండో పీరియడ్ మౌనం

ఆ రోజు ఉదయం లెక్కల టీచరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మూడో పీరియడ్‌కి పైఆఫీసు నుంచి అధికారి వస్తాడు, ఎనిమిదో తరగతిలో కూర్చుని ఆమె పాఠం వింటాడు. కాబట్టి రెండో పీరియడ్‌లోనే ఆ పిల్లల నోళ్ళు మూయించి పెట్టుకోవాలి. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడాదయింది. అత్తగారి మందులూ, పాప చదువూ, ఇంట్లో పొయ్యి వెలగడమూ అన్నీ ఈమె ఉద్యోగం మీదే. ఆ ఉద్యోగమేమో ఇవాళో రేపో అన్నట్టుంది. బడికి మంజూరైన పోస్టులు తొమ్మిది, ఈమె పదో మనిషి.

"ఒకళ్ళని తీసేస్తారటగా, ఎవర్ని?" అని గుమ్మంలో అడిగింది అత్తగారు.

"అందరిలోకీ తాత్కాలికం నేనే కదా అత్తయ్యా. ఇంకెవర్ని తీస్తారు?"

"అయితే పాఠం గట్టిగా చెప్పు. పక్క గదికి కూడా వినబడాలి."

ఇవాళ రెండో పీరియడ్‌లో తాను అసలు నోరే విప్పకూడదని అనుకుంటున్న సంగతి ఆమె అత్తగారికి చెప్పలేదు.

నోరు విప్పకపోవడమన్నది డ్రాయింగ్ మాస్టారి ఉపాయం. ఆ బడిలో ప్రతి శనివారం టీచర్లంతా కూర్చుని, తరగతిలో పనికొచ్చిన కిటుకు ఒక్కటైనా పంచుకోవాలని నియమం. డ్రాయింగ్ మాస్టారు మాత్రం అక్కడ ఎప్పుడూ మూల కుర్చీలో కూర్చుని, ఎదుటివాళ్ళ బొమ్మలు వేసుకుంటూ ఉండేవాడు. ఇప్పుడు కాలేయం చెడి నెల్లాళ్ళుగా ఆసుపత్రిలో ఉన్నాడు. మొన్న ఆదివారం ఈమె చూడ్డానికి వెళితే, ఎనిమిదో తరగతి గోడు విని నవ్వాడు.

"అరిచేవాళ్ళ మీద అరవకమ్మాయ్. అందర్నీ నుంచోబెట్టు, తలలు దించుకోమను. నువ్వూ కళ్ళు మూసుకుని నుంచో. ఆఖరి గుసగుస ఆగేదాకా నువ్వు పెదవి కదిపావంటే మళ్ళీ మొదటికొస్తుంది."

చెప్పినట్టే చేసింది. నాలుగు నిమిషాల్లో ఆ తరగతి, ఏనాడూ ఒక్క క్షణం నోరు మూయని ఆ తరగతి, ఊపిరి చప్పుడు వినబడేంత నిశ్శబ్దమైపోయింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే భాషా మాస్టారు వరండాలో వస్తున్నాడు. మెత్తటి మనిషి. పిల్లలు రాసే సెలవు చీటీలు చదివినా కళ్ళు తుడుచుకునే రకం. నలభై మంది పిల్లలు తలలు దించుకుని, టీచరు కళ్ళు మూసుకుని నిలబడి ఉండడం చూసి ఆయన గుండె గుభేలుమంది. అలాంటి మౌనాన్ని మధ్యలో ఆపి ఎందుకని అడగడం మర్యాద కాదు. చేతిలోని సుద్దముక్క జేబులో వేసుకుని తానూ గుమ్మంలో తల దించుకున్నాడు. ఆమె ఒక కన్ను తెరిచి చూసింది. పాపం, నేర్చుకోవడానికి వచ్చాడు కాబోలు అనుకుని, చూశారా అన్నట్టు మెల్లగా తలాడించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెల్లాళ్ళుగా ఆసుపత్రిలో ఉన్నది ఎవరో అందరికీ తెలుసు కదా!

ఆయన వెళ్ళి డ్రాయింగ్ మాస్టారు పోయాడని డ్రిల్లు మాస్టారి చెవిలో వేశాడు. విన్న మాట ఒకసారి నిజమా అని ఆలోచించే అలవాటు డ్రిల్లు మాస్టారికి పుట్టుకతోనే లేదు. ఆయన చెయ్యి అప్పటికే గంట మీద ఉంది.

"ఎవరు చెప్పారు?" అని హెడ్మిస్ట్రెస్ ఆఫీసు గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"భాషా మాస్టారండీ."

"ఆయనకెవరు చెప్పారు?"

"చెప్పడమేంటండీ, కళ్ళారా చూశాడట!"

నాలుగొందల మంది పిల్లలు మైదానంలో బారులు తీరారు. డ్రిల్లు మాస్టారు పూలచక్రం కొనడానికి సైకిలెక్కాడు. లెక్కల టీచరు పిల్లల వెనకే బయటికొచ్చి, కబురు విని, మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మొన్ననే నవ్విన మనిషి! తన ఉద్యోగం కోసం అంత నొప్పిలోనూ ఉపాయం చెప్పిన మనిషి! ఈ కబురు తన తరగతి గుమ్మంలోంచే బయల్దేరిందన్న అనుమానం ఆమెకు కలలో కూడా రాలేదు.

ఈలోగా అధికారి కారు దిగాడు. పాఠమూ లేదు, పరిశీలనా లేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి సంతాపసభ మొదలుపెట్టారు.

"కిందటి నెల నేను చెప్పిన గ్లాసూ నీళ్ళ ప్రయోగం ఉందే," అన్నాడు సైన్సు మాస్టారు మైకు పట్టుకుని, "అది నాది కాదు. ఆయన చెప్పిందే." మైకు పక్కవాళ్ళకిచ్చేసి వచ్చి కూర్చున్నాడు. మైదానంలో సున్నంతో దేశపటం గీసి పిల్లల్ని దాని మీద నడిపించిన సోషల్ టీచరూ అదే చెప్పింది. ఆఖరికి హెడ్మిస్ట్రెస్ లేచి, "అసలీ శనివారం మీటింగు ఆలోచనే ఆయనది. చప్పట్లు కొట్టించుకున్నది మాత్రం నేను," అని కొంగుతో ముఖం కప్పుకుంది.

అధికారి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఆ మెట్ల మీద ఏడుస్తున్నావిడ ఎవరు?"

"మీరు తీసెయ్యడానికొచ్చింది ఆవిడనే సార్," అంది హెడ్మిస్ట్రెస్.

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది పోస్టులు, పది మంది, ఒకరు పోయారు. "ఇంక తీసెయ్యడం దేనికండీ? లెక్క సరిపోయిందిగా," అని అక్కడికక్కడే రెండు కాగితాలు రాసి సంతకం చేశాడు. ఒకటి మాస్టారు పోయినట్టు, రెండోది ఆమెను ఉంచినట్టు. రెండూ ఫోనులో ఫొటో తీసి పైఆఫీసుకి పంపి వెళ్ళిపోయాడు.

స్టాఫ్‌రూములో అందరూ మంచినీళ్ళు తాగి కాస్త తేరుకున్నారు. "కబురు మీకెప్పుడొచ్చింది మాస్టారూ?" అని భాషా మాస్టారిని అడిగింది లెక్కల టీచరు.

"అదేంటమ్మా, చెప్పింది నువ్వేగా! రెండో పీరియడ్‌లో మౌనం పాటించలేదూ?"

"అది... పిల్లల అల్లరికండీ. ఆయన చెప్పిన ఉపాయం."

అందరికంటే ముందు హెడ్మిస్ట్రెస్ తేరుకుంది.

"నోరు మెదపకు. బతికే ఉన్నాడని రాస్తే ముందు నీ ఉద్యోగం పోతుంది, ఆ వెనకే నాది."

ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది, పాప గుర్తొచ్చింది. ఒక మనిషి చావు మీద తన ఇంటిల్లిపాదీ తింటారా? బ్యాగు తీసుకుని తిన్నగా ఆసుపత్రికి నడిచింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. మంచం పక్కన స్టూలు మీద పూలచక్రం ఉంది. డ్రిల్లు మాస్టారు దాన్ని మాస్టారి చేతిలోనే పెట్టి, భయంతో సైకిలు కూడా మర్చిపోయి పారిపోయాడట. మాస్టారు 'మీ ఆత్మకు శాంతి' అన్న అట్టముక్కని దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. మరీ చిక్కిపోయాడు.

"ఇది ఎవరు రాశారమ్మాయ్? అక్షరాల మధ్య ఎడం సమంగా లేదు."

ఆమె మంచం కోడు పట్టుకుని జరిగిందంతా చెప్పింది. "రేపు పొద్దున్నే వెళ్ళి నిజం రాసిచ్చేస్తాను మాస్టారూ. నా పాపం నేనే కడుక్కుంటాను."

మాస్టారు మంచం పక్కనే నిలబడ్డ తన భార్య వైపు చూశాడు. ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"డాక్టరు మూడు నెలలన్నాడు," అన్నాడాయన. "చచ్చిపోయినవాడు బతికున్నాడని ఆఫీసులో ఒప్పించాలంటే ఎన్ని కాగితాలు కావాలో తెలుసా? నాకంత టైము లేదు. రాయకు."

"మీరుండగానే మీ కుర్చీలో కూర్చోమంటారా?"

"పోయాక ఎవరో ఒకరు కూర్చుంటారుగా. ఆ వచ్చేవాడికి ఎనిమిదో తరగతి మాట వింటుందని ఏంటి నమ్మకం?"

"అలా అనకండి మాస్టారూ!"

"అయితే నిజం చెప్పనా? చచ్చిపోవాలంటే నాకు చాలా భయంగా ఉంది. ఆ కుర్చీ ఏమవుతుందోనన్న బెంగైనా తగ్గనీ." ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆదివారాలు రా. ఉపాయాలు ఇంకా మిగిలున్నాయి," అన్నాడాయన.

ఆమె ఒక్క ఆదివారమూ మానలేదు. భిన్నాలు ఎలా చెప్పాలో, మొండి పిల్లని ఎలా మాట్లాడించాలో ఆయన చెబుతూనే ఉన్నాడు, ఈమె రాసుకుంటూనే ఉంది. పదకొండో ఆదివారం వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

హెడ్మిస్ట్రెస్ మనసు ఊరుకోక, సరైన తేదీతో పైఆఫీసుకి ఒక కాగితం పంపింది. ఈ మరణం ఇదివరకే నమోదైంది, చర్య అవసరం లేదు అని రాసి వాళ్ళు దాన్ని తిప్పి పంపారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మాస్టారి పని ఆ ఆఫీసులో గడువుకు ముందే పూర్తయింది ఆ ఒక్కసారే.