డబ్బాల జాకెట్టు

సూర్యాపేటలో త్రివేణి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకొని పెళ్లి జాకెట్లు కుడుతుంది. ఆమె ఇంట్లో లేనప్పుడు ఏదో ఒకటి బాగుచేసి, వచ్చాక మెప్పు పొందాలని ఆమె భర్త కృపాకర్‌కు ఒక ఆరాటం.

ఆమె పాలకీడులోని తల్లిగారింటికి పోయిన పూట, ఆమె లాప్‌టాప్ నత్తలా నడుస్తోందని అందులోని విండోస్ తీసేసి, దాని బదులు లినక్స్ అనే సిస్టం ఎక్కించాడు. లాప్‌టాప్ జింకలా దూకింది. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. అది విండోస్ కోసం చేసింది.

మిర్యాలగూడలో ఉండే స్నేహితుడు మైసయ్యకు ఫోన్ చేశాడు. ‘వైన్’ అనే ప్రోగ్రాం పెడితే విండోస్ సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో కూడా నడుస్తాయని మైసయ్య చెప్పాడు.

“అయితే ఇప్పుడే వైన్ వేస్త. త్రివేణి వచ్చేలోపు ఖతం చేయాలె,” అన్నాడు కృపాకర్.

వెనక్కి తిరిగితే గడపలో త్రివేణి.

“గది తాగేది కాదే, సాఫ్ట్‌వేర్. వైన్ వేస్తే ఏదైనా నడుస్తది.”

“వేసినోళ్లు సక్కగ నడవంగ నేనైతే సూడలే.”

డిజైన్ల సాఫ్ట్‌వేర్ నిజంగానే నడిచింది. కోదాడ పెళ్లికూతురు పూర్ణిమ జాకెట్టు చేతి మీద పెళ్లికొడుకు పేరు ‘శ్రీధర్’ అని తెలుగులో రావాలి. తెర మీద మాత్రం అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వరసకట్టాయి.

“గివేంది?” అంది త్రివేణి.

“తెర మీద గట్లనే ఉంటయి. బట్ట మీద అక్షరాలే పడ్తయి.”

ఆమె కూర దించడానికి పోయిన సందులో తనే మీట నొక్కాడు. మిషన్ ఎంతో భక్తిగా, మెరిసే జరీతో, డబ్బాలే కుట్టింది.

త్రివేణి వచ్చి ఆ డబ్బాలను వేలితో తడిమి చూసింది. 

“ఇప్పితే పట్టు చిరుగుతది. పొద్దున పిల్ల వస్తది,” అని, ఒక్కో డబ్బాలో ఒక్కో పూస కుట్టింది. రెండో చేతికీ డబ్బాలే వేసింది.

“పేరేదండీ?” అంది మర్నాడు పూర్ణిమ.

“మిషన్ డబ్బాలే వేసింది, బిడ్డా. నీకు నచ్చకుంటే కొత్త గుడ్డ మీద మళ్ల కుట్టిస్త. నచ్చితే, పేరు గీ డబ్బాలల్ల దాగుందని మీ ఆయన్ని ఎతుక్కోమను.”

పూర్ణిమ సిగ్గుపడి, నవ్వి, జాకెట్టు గుండెకు హత్తుకుంది. సాయంత్రానికి ఆమె స్నేహితురాళ్లు కూడా అలాంటివే కావాలని ఫోన్ చేశారు.

ఇదేమీ తెలియని కృపాకర్, మైసయ్య చెప్పినట్టు తెలుగు ఫాంట్లు ఎక్కించి భార్యను పిలిచాడు.

“సూడు, శ్రీధర్ పేరు ముత్యాల్లెక్క వచ్చింది.”

“మంచిగుంది. మరి డబ్బాలు ఎట్ల వస్తయి?”

“ఇగ రావు. బాగుచేసిన.”

“ఎవరు చేయమన్నరు? అందరికి డబ్బాలే కావాలె.”

కృపాకర్ గొంతు తగ్గించి మళ్లీ మైసయ్యకు ఫోన్ చేశాడు. “అన్నా, మంచిగున్నదాన్ని ఖరాబ్ చేయాలంటే ఎట్ల?”

“ఆయన్నెందుకు పరేషాన్ చేస్తవ్?” అంది త్రివేణి సూదిలో దారం ఎక్కిస్తూ. “గది నీకే బాగొచ్చు గద.”