ఏడు సీట్ల మైలేజీ

రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి ఎస్‌యూవీ కొనదలచుకున్నవారికి నా సలహా ఒక్కటే. మైలేజీ చూసి కొనండి. రంగు వద్దు, రూపం వద్దు, పైకప్పులోంచి ఆకాశం కనబడుతుందా లేదా అన్నది అసలే వద్దు. మనిషిని మనిషిగా తీర్చిదిద్దే శక్తి గురువుకు లేదు, గ్రంథానికి లేదు, కట్టుకున్న భార్యకు అంతకన్నా లేదు. మైలేజీకి ఉంది!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నేను లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ని. అపార్ట్‌మెంట్లలో, ఆస్పత్రుల్లో, షాపింగ్ మాల్స్‌లో లిఫ్టు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, తాళ్లు చూసి, తలుపులు చూసి, ఇంతమందికి మించి ఎక్కరాదని సంతకం పెట్టడం నా పని. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతున్నా జీవితంలో మాత్రం ఉన్న అంతస్తులోనే ఉన్నవాణ్ణి. ఈ ఉద్యోగం వల్ల నాకొక జబ్బు అంటుకుంది. మనిషి ఎదురుపడితే ముఖం కన్నా ముందు బరువు కనబడుతుంది.

ఇంతకీ ఎస్‌యూవీ ఎందుకు? రోడ్డు మీద గుంతల వల్ల అని అందరికీ చెప్పాను. మీ దగ్గర దాపరికం ఎందుకు? మా ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన కుర్ర ఇంజనీరు ఒకతను ఎస్‌యూవీలో వచ్చాడు. గేటు దగ్గర స్కూటర్ మీదున్న నన్ను చూసి అద్దం దించి, "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ పైనుంచి అన్నాడు! జూనియర్ పెట్టే నమస్కారం కింది నుంచి పైకి రావాలి గానీ, పైనుంచి కిందికి దిగొచ్చా? ఆ రోజంతా ఏ లిఫ్టు ఎక్కినా నాకు కిందికి పోతున్నట్టే అనిపించింది.

మా ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను కొనాలనుకున్నది ఏడు సీట్లది.

"మిగతా అయిదు సీట్లలో ఎవరు కూర్చుంటారండీ?" అని మా ఆవిడ అడిగింది.

రీసేల్ వాల్యూ కూర్చుంటుందని చెప్పాను. ఆవిడ చేతిసంచీ తీసుకుని ఆస్పత్రికి బయల్దేరింది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మంచాన పడి నడక మరిచినవాళ్లకు మళ్లీ నడక నేర్పుతుంది. మొండివాళ్లతో వాదించడం దండగ, వాళ్లంతట వాళ్లే ఒకసారి పడితే తెలిసొస్తుందన్నది ఆ వృత్తిలో మొదటి పాఠమట.

మా బావమరిది కార్ల విషయంలో మహా పండితుడు. సొంతానికి సైకిలు కూడా లేదు గానీ, వీడియోల్లో అతను నడపని బండి లేదు. మూడు ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. పెట్రోలు బండి నీళ్లు తాగినట్టు తాగుతుందట. డీజిల్‌ది పొదుపే గానీ, రోజూ ఆ కాస్త దూరానికే తిప్పితే లోపలి ఫిల్టరు మసిపట్టి మొరాయిస్తుందట. హైబ్రిడ్ అయితే సిగ్నళ్ల దగ్గర బ్యాటరీ మీద ప్రాణం నిలబెట్టుకుంటుందట. ఇంతా విని, నువ్వయితే ఏది కొంటావని అడిగాను. ఇంత తెలిశాక ఎవరైనా కొంటారా బావా అన్నాడు.

నేను కొన్నాను.

షోరూమ్‌లో మైలేజీ తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఏనుగును కొంటూ అంకుశం దగ్గర పేచీ పెట్టుకున్నట్టు ఉందని మీకు అనిపించవచ్చు. అనిపించనివ్వండి. సేల్స్ అమ్మాయి సీట్లు వెనక్కి వాలతాయని చూపిస్తే మైలేజీ ఎంత అన్నాను. పాటలు ఎంత బాగా వినబడతాయో వినమంటే మైలేజీ ఎంత అన్నాను. చివరికి ఆ అమ్మాయి ఓపికగా, "రోడ్డును బట్టి, తొక్కే కాలును బట్టి సార్" అంటూ కంపెనీవాళ్ల అంకె చెప్పింది. రోడ్డునూ కాలునూ అక్కడే వదిలేసి, అంకెను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

స్టీరింగ్ వెనక చిన్న తెర ఉంటుంది. అందులో మైలేజీ అంకె. పొదుపుగా నడిపితే దాని పక్కన పచ్చటి ఆకు ఒకటి వెలుగుతుంది. ఆ ఆకు నా కోసం మొదటిసారి వెలిగిన రోజు ఎంత మురిసిపోయానో చెప్పలేను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి, పక్కన ఇంకో మాట చేర్చకుండా నన్ను మెచ్చుకున్నది అదొక్కటే.

ఇక ఆ బండి నాకు చేసిన మేలు వినండి.

మొదట కోపం పోయింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆకు ఆరిపోతుంది, కాబట్టి తొక్కను. సైకిళ్లు నన్ను దాటిపోయేవి. తోపుడుబండి ఒకటి దాటబోయి, పాపం పెద్దబండి కదా అని మొహమాటపడి వెనకే ఉండిపోయింది. వెనకవాళ్లు హారన్లు కొట్టినా, అద్దం దించి నా వంశాన్ని తలుచుకున్నా, నేను చిరునవ్వుతో తెర చూసుకునేవాణ్ణి. ఎన్నేళ్లు తపస్సు చేస్తే వస్తుందండీ ఇలాంటి స్థితప్రజ్ఞత?

తర్వాత ఒళ్లు తేలికపడింది. ఏసీ వేస్తే మైలేజీ పోతుంది. అద్దాలు దించితే గాలి బండిని వెనక్కి లాగుతుందని మా పండితుడి ఉవాచ. అందుకని ఏసీ లేకుండా, అద్దాలు ఎత్తుకుని వెళ్లేవాణ్ణి. ఆఫీసు చేరేసరికి చొక్కా పిండితే బకెట్ నిండేది. స్టీమ్ బాత్‌కు వేరే చోట డబ్బులు తీసుకుంటారు!

వైరాగ్యం కూడా అబ్బింది. బండిలో బరువు ఉండకూడదని గొడుగు తీసేశాను. రబ్బరు మ్యాట్లు, మెత్తలు, నీళ్ల సీసాలు తీసేశాను. మా అత్తగారు కొన్నాళ్లు మా ఇంట్లో ఉండటానికి తన పూలకుండీలతో సహా బయల్దేరితే, కుండీలను పార్సిల్ వ్యానులో పంపుదామన్నాను. ఆవిడ నన్నూ బండినీ ఒకసారి ఎగాదిగా చూసి, "నన్నూ అందులోనే పంపించెయ్యండి అల్లుడుగారూ, కుండీలకు తోడుంటాను" అంది. ఆవిడ బరువు అప్పటికే అంచనా వేసుకుని ఉన్నాను కనుక, కాదనడానికి నాకు క్షణం ఆలస్యమైంది. ఆ క్షణాన్ని మా ఆవిడ చూసింది.

ఆఫీసులోనూ అంతే. దారిలో దింపమని ఎవరడిగినా ఏదో సాకు చెప్పేవాణ్ణి. ఊరందరి లిఫ్టులకూ సంతకం పెట్టే మనిషి, తన బండిలో ఎవరికీ లిఫ్టు ఇవ్వడని నా వెనక జోకు పుట్టింది. విన్నాను. బాగానే ఉందనుకున్నాను.

మా ఆవిడ పనిచేసే ఆస్పత్రి నా ఆఫీసు దారిలోనే. రోజూ ఆవిడను గేటు దగ్గర దింపి వెళ్లేవాణ్ణి. మా ఇద్దరికీ మాట్లాడుకునేందుకు చిక్కేది ఆ ప్రయాణమే. ఇంట్లో ఉంటే ఒకరు వంటగదిలో, ఒకరు ఫోనులో. బండిలో ఆవిడ తన పేషెంట్ల కబుర్లు చెప్పేది. కొత్త మోకాలు వేయించుకున్న పెద్దాయన కర్ర లేకుండా గది దాటాడనో, చెయ్యి పడిపోయిన పెయింటర్ నిన్న చెంచా ఎత్తాడనో. నేను ఊఁ కొట్టేవాణ్ణి. కళ్లు మాత్రం తెర మీద.

ఒక రోజు ఆవిడ ఏదో చెబుతూ ఉండగా నా నోటి నుంచి ఒక మాట జారింది.

"నువ్వు ఎక్కగానే తగ్గుతోంది."

"ఏమిటి తగ్గేది?"

"మైలేజీ."

కాలు జారితే మా ఆవిడ బాగుచేయగలదు. నోరు జారితే ఆవిడ చేతిలో కూడా లేదు. ఆస్పత్రి గేటు వచ్చింది. దిగేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా వేసింది. విసిరి కొట్టి ఉంటే నాకు భయముండేది కాదు.

మర్నాడు నేను బూట్లు వేసుకునేసరికి ఆవిడ ఇంట్లో లేదు. బస్సులో వెళ్లిందని అత్తగారు చెప్పింది. ఆ మర్నాడూ అంతే. గొడవ లేదు, అలక లేదు. సాయంత్రం నవ్వుతూనే వచ్చేది. బస్సులో ఎవరో ఏదో అన్నారని అమ్మకు చెబుతూ ఇంకా నవ్వేది. ఆ కబుర్లు గోడ ఇవతల నాకు సగం సగం వినబడేవి. ఏమిటా జోకు అని అడగాలంటే అభిమానం అడ్డొచ్చేది.

మైలేజీ మాత్రం పెరిగింది! రోజురోజుకూ ఎక్కింది. చివరికి ఒక ఉదయం ఖాళీ రోడ్డు దొరికి, సిగ్నళ్లన్నీ పచ్చగా కలిసొచ్చి, కంపెనీవాళ్లు చెప్పిన అసలు అంకె తెర మీద నిలిచింది. అయ్యా, అమ్మా, ఆ అంకెను కళ్లతో చూసినవాడు మా బావమరిదికి తెలిసిన లోకంలో లేడు.

"చూశావా!" అంటూ పక్కకి తిరిగాను.

పక్కన సీటు బెల్టు వేలాడుతోంది.

సరిగ్గా అప్పుడే బస్సు నన్ను దాటింది. కిటికీ దగ్గర మా ఆవిడ. ఎవరితోనో చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. నాకేమైందో తెలియదు, యాక్సిలరేటర్ తొక్కేశాను. ఆకు ఆరిపోయింది. అంకె పడిపోయింది. బస్సును అందుకోవాలి, ఆవిడ ఏం చెబుతోందో తెలుసుకోవాలి, అంతే. తెలుసుకుని ఏం చేస్తానో, నడుస్తున్న బస్సులో మాట నాకెలా వినబడుతుందో ఆలోచించలేదు.

వంతెన ఎక్కేచోట బస్సు దగ్గి, పొగ వదిలి, నిలబడిపోయింది. జనం దిగి పక్కన నిలుచున్నారు. నేను వెళ్లి వాళ్ల ముందు ఆగాను. అద్దం దించి ఎక్కమన్నాను.

మా ఆవిడ దగ్గరికి వచ్చింది. "నేనొక్కదాన్నే ఎలా ఎక్కుతానండీ? వీళ్లంతా నాతో వచ్చినవాళ్లు."

వీళ్లంతా అంటే ఎవరు? వాళ్ల ఆస్పత్రి హెడ్ నర్సు, లిఫ్టు భాషలో ఆవిడ ఒక్కరే ఇద్దరు. రిపేరు చేయించిన కుట్టుమిషన్ తలభాగాన్ని పసిపిల్లలా ఎత్తుకున్న టైలర్. లైబ్రరీకి పుస్తకాల కట్టలు మోసుకెళుతున్న లైబ్రేరియన్. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, పూలదుకాణంవాళ్లు, మట్టి నిండిన కుండీలతో. కుండీలు! నా తలలో ఓవర్‌లోడ్ గంట ఆగకుండా మోగుతోంది. మా ఆవిడ నన్నే చూస్తోంది. అత్తగారి విషయంలో ఆలస్యమైన క్షణం ఎంత ఖరీదైందో నాకు గుర్తుంది.

"అందరినీ ఎక్కమను" అన్నాను.

ఎక్కారు. బండి కుంగింది. హెడ్ నర్సు ముందు సీట్లో స్థిరపడి, "ఇదేమిటి సార్, కొలిమిలా ఉంది" అంటూ తనే ఏసీ వేసేసింది. తెర మీద అంకె తాడు తెగిన లిఫ్టులా దిగిపోయింది. వెనక టైలర్ చెప్పడం మొదలుపెట్టాడు. ఒకాయన కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడట, ప్యాంటు చేతికొచ్చాక ఊపిరి వదులుతాడట, బొత్తాం ఊడుతుందట, ప్రతిసారీ తప్పు టైలర్‌దేనట. నేను నవ్వాను. బయటికి, గట్టిగా. ఆ నవ్వులో సిగ్నల్ పచ్చబడ్డ సంగతి కూడా చూసుకోలేదు.

బస్సు బాగవడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లూ వాళ్లు నా కోసం స్టాపులో నిలబడ్డారు. బస్సు తిరిగొచ్చాక కూడా నా కోసమే నిలబడుతున్నారు. ఆలస్యమైతే హెడ్ నర్సు వాచీ చూపిస్తుంది. ఇంత పెద్ద బండి కొని చివరికి నేను చేరింది డ్రైవరు ఉద్యోగంలో, అదీ కండక్టరు తోడు లేకుండా!

ఓడినవాణ్ణని అనుకోకండి. నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. తెర మీది అంకెను లోపల ఉన్న మనుషులతో హెచ్చవేయాలి. అలా వేస్తే నా బండిని కొట్టే బండి లేదు! ఒంటరిగా వెళ్లినప్పుడు కంపెనీ అంకె సాధించిన నాడు కూడా నాది దుబారానే. బావమరిదికి చెబితే ఇది ఏ వీడియోలోనూ రాలేదే అని చాలాసేపు ఆలోచించాడు. మా బండి బరువుకు కుంగి ఉంటుంది కనుక, దారిలో సిగ్నల్ దగ్గర జూనియర్ ఇప్పుడు కూడా పైనుంచే గుడ్ మార్నింగ్ చెబుతున్నాడు. ఏడుగురం ఒక్కసారిగా తిరిగి చూస్తే, పాపం, తడబడుతున్నాడు.

కాబట్టి పాఠకులారా, మైలేజీ చూసే కొనండి. నాకు ఒకే ఒక్క ఫిర్యాదు మిగిలింది. ముందు సీటు హెడ్ నర్సుది అయిపోయింది. నా పక్కన కూర్చోవలసిన మనిషి చివరి వరుసలో, పూలకుండీల మధ్య కూర్చుంటోంది. అద్దంలో నుదురు కనబడుతుంది, నవ్వు వినబడుతుంది. పేషెంట్ల కబుర్లన్నీ అక్కాచెల్లెళ్లకు దక్కుతున్నాయి.

మొన్న ఆదివారం మా ఆవిడతో అన్నాను, ఈసారి బండి కొంటే మైలేజీ అడగను, ఇద్దరికి మించి పట్టనిది ఏదైనా ఉందేమో అడుగుతానని.

"ఉండేది. దీని కోసమే కదా స్కూటర్ అమ్మేశారు" అంది.

నిజమే. ఎన్నేళ్లో తిరిగాం దాని మీద. వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసి, హారన్ల మధ్య వినబడాలని నా చెవిలోనే కబుర్లు చెప్పేది. పాత అలవాటు పోక అడిగాను, అది ఎంత మైలేజీ ఇచ్చేదని.

"ఎవరు చూశారండీ" అంది మా ఆవిడ.