రైటు తాతయ్య స్నానం

ఆ ఉదయం ఆ ఇంట్లో పెద్ద కార్యక్రమం ఒక్కటే. రైటు తాతయ్య ఎవరి సాయమూ లేకుండా స్నానం చెయ్యాలి. ఇందులో విశేషమేముందని అనుకోకండి. నెల కిందట ఆయన కళ్లు తిరిగి వరండాలో కూలబడ్డ దగ్గర్నుంచి కొడుకు ఆయన్ని గడప దాటనివ్వడం లేదు. పార్కులో సిమెంటు బల్ల మీద పాత డ్రైవర్లూ కండక్టర్లూ రోజూ చేరి లోకాన్ని చక్కదిద్దుతున్నారు. ముప్పై నాలుగేళ్లు బస్సులో కండక్టరుగా నిలబడే బతికిన మనిషేమో ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. పది గంటలకు ఆయన్ని చూడ్డానికి ఆస్పత్రి నుంచి నర్సమ్మ వస్తుంది. అప్పటికి ఒంటరిగా స్నానం ముగించి, బట్టలు వేసుకుని ఎదురొస్తే, రేపట్నుంచి ఒక్కడే పార్కుకు వెళ్లొచ్చని ఆవిడ మాటిచ్చింది.

కొడుకు జాగ్రత్తకు మారుపేరు. తండ్రి పడిన వారంలోనే పెద్దవాళ్ల భద్రత మీద ఒక లావుపాటి పుస్తకం కొని, కంఠతా పట్టాడు. స్నానాలగదిలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, కూర్చోవడానికి పీట, జారకుండా రబ్బరు పట్టా అమర్చాడు. లోపల మనిషి పడితే అడ్డం కాకుండా తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాడు. బయట మనిషి పడితే ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. చివరికి ఒక విజిలు తెచ్చి తండ్రి మెడలో వేశాడు.

"నాన్నా, సరిగ్గా విను. ఒక్కసారి ఊదితే ఏదో కావాలని, మెల్లగా వస్తాం. రెండుసార్లు ఊదితే పడ్డావని, పరిగెత్తుకొస్తాం. ఫ్రిజ్ మీద కాగితం కూడా అంటించాను."

"విజిలు సంగతి నాకు చెప్తున్నావట్రా? నువ్వు పుట్టకముందు నుంచీ ఊదుతున్నా!"

తాతయ్య తువ్వాలు భుజాన వేసుకుని నడిచాడు. కళ్లజోడు లేదు కనక కాగితం చదవలేదు. ఉన్నా చదివేవాడు కాదు. ఆయన సర్వీసులో ఒక్క విజిలంటే హోల్డాన్, బండి ఆపు. రెండంటే రైట్ రైట్, అంతా బాగుంది, పోనీ. వీధి వీధంతా ఆయన్ని రైటు తాతయ్య అంటున్నది అందుకే. పుస్తకం చదివిన ఊపులో కన్నకొడుక్కే అది తట్టలేదు.

స్నానం దివ్యంగా జరిగింది. పీట మీద కూర్చుని నీళ్లు పోసుకున్నాడు. కడ్డీ పట్టుకుని లేచాడు. ఒళ్లు తుడుచుకుని, మళ్లీ కూర్చునే పైజమా తొడుక్కున్నాడు. చొక్కా గుండీలు ఐదూ పెట్టుకున్నాడు, ఒక్కటి కూడా వరస తప్పలేదు. రేపీపాటికి బల్ల మీద తన చోట తాను కూర్చుంటాడు! సంతోషం పట్టలేక విజిలు నోట పెట్టి హుషారుగా రెండుసార్లు ఊదాడు.

హాల్లో గడ్డం గీసుకుంటున్న కొడుకు రేజరు పడేసి లేచాడు. "నాన్నా!" అంటూ ముఖాన సగం నురగతో ఒక్క పరుగు తీశాడు. తండ్రి చేతికి అందేలా తలుపు పక్కన తానే పెట్టిన వాకర్ కాలికి తగులుకుంది. ధడేల్మని తలుపుకి అడ్డంగా పడ్డాడు.

తాతయ్య లోపల్నుంచి తోస్తే తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. సందులోంచి చూస్తే నురగ, నురగ వెనక కొడుకు.

"ఏరా, పడ్డావా?"

"నువ్వు పడలేదా?"

"నేనెందుకు పడతాన్రా! రైటిచ్చాను కదా!"

మనిషి పడితే ఏ కండక్టరైనా చేసే పనే ఆయనా చేశాడు. పొడుగ్గా ఒక్క విజిలు ఊదాడు.

కోడలు అప్పుడే వంటింట్లో మిక్సీ ఆపింది. దాని మోతలో మొదటి రెండు విజిళ్లూ, ధడేలూ కలిసిపోయాయి. ఇది మాత్రం వినబడి, గబగబా ఫ్రిజ్ మీది కాగితం చూసింది. "అమ్మయ్య, ఒక్కటే! వస్తున్నా మావయ్యగారూ, పాలు పొంగేలా ఉన్నాయి, ఒక్క నిమిషం!" అని కేకేసి స్టవ్ దగ్గరికి వెళ్లింది.

ఎదురింటి డ్రిల్లు మాస్టారికి మాత్రం మొదటి రెండూ స్పష్టంగా వినబడ్డాయి. కొడుకు ఆయనకూ ఒక కాగితం, ఇంటి తాళంచెవి ఇచ్చి ఉన్నాడు. ఆయన ఆంబులెన్సుకు ఫోన్ చేసి, "పెద్దాయన పడిపోయారు, రండి!" అని, వాళ్లను దారి చూపి తీసుకురావడానికి వీధి మొగలో నిలబడ్డాడు.

ఇక్కడ కొడుకు లేవబోతుంటే తాతయ్య సందులోంచి గద్దించాడు. "గబుక్కున లేవకు! నర్సమ్మ నాకు నేర్పింది, నేను చెప్తా. ముందు ఊపిరి తీసుకో. తల తగిలిందా?"

"లేదు. మడమ..."

"పక్కకి దొర్లు. మోకాళ్ల మీదికి రా. ఆ కుర్చీ దాకా పాకు. గట్టిగా పట్టుకుని బాగున్న కాలు ముందు పెట్టు. రానీ... రానీ... ఇంకొంచెం... కూర్చో. హోల్డాన్!"

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. తాతయ్య విజయగర్వంతో బయటికి అడుగు పెట్టేసరికి డ్రిల్లు మాస్టారు, ఆయన వెనక స్ట్రెచరుతో ఇద్దరు మనుషులు ఇంట్లోకి దూసుకొచ్చారు. "కదలకండి తాతగారూ!" అంటూ ఆయన్ని పడుకోబెట్టి బెల్టులు బిగించేశారు.

"నాకేం కాలేదయ్యా!"

"అందరూ ఇలాగే అంటారండీ."

పాల గ్లాసుతో వచ్చిన కోడలు ఆ దృశ్యం చూసి బావురుమంది. "మావయ్యగారూ! ఒక్కసారే ఊదారు కదండీ!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నర్సమ్మ. తాతయ్యకు నిజంగా ఏడుపొచ్చింది. ఇంత చక్కగా స్నానం చేసి, గుండీలన్నీ పెట్టుకుని, చివరికి స్ట్రెచరు మీద దొరికిపోవడమా! ఇక పార్కూ లేదు, బల్లా లేదు. ఉక్రోషం కొద్దీ చెవులు చిల్లులు పడేలా ఒక్క విజిలు ఊదాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. డ్రిల్లు మాస్టారు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"పడిందెవరు?" అంది నర్సమ్మ.

నాలుగు వేళ్లు స్ట్రెచరు వైపు చూపించాయి. స్ట్రెచరు మీది వేలు కుర్చీ వైపు చూపించింది. కుర్చీలోంచి సగం నురగ ముఖం మెల్లగా చెయ్యెత్తింది.

నర్సమ్మ ఇద్దరినీ పరీక్షించింది. తాతయ్య బీపీ బాగుంది, నడక బాగుంది, గుండీలు మరీ బాగున్నాయి. "మీరు రేపట్నుంచి పార్కుకు వెళ్లండి. కర్ర, ఫోను మర్చిపోకండి" అని కొడుకు వైపు తిరిగింది. "మీకు మడమ బెణికింది. పదిరోజులు ఒంటరిగా తిరక్కండి. వాకర్ వాడండి. స్నానానికి వెళ్తే ఇంట్లో ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి."

కోడలు కళ్లు తుడుచుకుని, మావగారి మెడలోని విజిలు తీసి మొగుడి మెడలో వేసింది. ఫ్రిజ్ మీది కాగితం చించేసి, మావగారిని అడిగి కొత్తది రాసి అంటించింది. ఒకటంటే ప్రమాదం, రెండంటే అంతా బాగుంది.

మర్నాడు పొద్దున తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చాడు. స్నానాలగదిలోంచి రెండు విజిళ్లు వినబడ్డాయి. ఆయన ఆగి, శ్రద్ధగా విని, "రైట్!" అని కదిలాడు. హాల్లో కనిపెట్టుకుని ఉన్న కోడలు కూడా కొత్త కాగితం వైపోసారి చూసి, నిశ్చింతగా కాఫీ తాగుతోంది.

తలనిండా సబ్బుతో, కుళాయిలో చుక్క నీళ్లు లేక, కొత్త కాగితం చూడకుండా పాతదాన్నే నమ్ముకున్న కొడుకు, ఎవరైనా పరిగెత్తుకొస్తారని పావుగంటసేపు రెండేసి చొప్పున ఊదుతూనే ఉన్నాడు.