నలభై ఇళ్ళ కిటికీ

నీలవేణి పాత పేపరు ఉండచుట్టి కిటికీ అద్దాలు తుడుస్తూ ఉంది. ఆరు గంటలకల్లా దాన్ని గోడలోంచి ఊడదీసి పై అంతస్తులో నలభయ్యో ఇంటికి అప్పజెప్పాలి, భవనంలోని నలభై ఇళ్ళకూ కలిపి ఉన్న కిటికీ అదొక్కటే. రెక్కల సందుల్లో దుమ్ము ఉంటే తీసుకునేవాళ్ళు సంతకం పెట్టరు. అందుకని ఆమె చీపురుపుల్లకు గుడ్డ చుట్టి మూలలు కూడా తుడిచింది. చివర్లో కింది చెక్కకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. పసుపు సంగతి కిటికీ ఇచ్చిన గాలి వెలుతురుల శాఖవారి నిబంధనల్లో లేదు. గడపకు రాసినట్టు ఎవరో మొదట రాశారు, తరవాత ఎవరూ మానలేదు.

కిటికీ ఎత్తు మూడున్నర అడుగులు, వెడల్పు రెండున్నర. మోసేవాళ్ళకు బరువవుతుందని ఊచలు పెట్టలేదు. ఏ గోడకు ఆనిస్తే ఆ గోడ దానికి చోటిస్తుంది. తీసేస్తే మళ్ళీ మూసుకుంటుంది, వేసిన సున్నం కూడా చెదరదు. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు సాయంత్రం ఆరు దాకా ఒక్కో ఇంటికి వంతు. నలభై వంతులూ పై అంతస్తులో నలభయ్యో ఇంటితో మొదలై, కింద మూలనున్న ఒకటో ఇంటితో ముగుస్తాయి. ఒకటో ఇల్లు నీలవేణిది.

భవనంలో ఉన్నవాళ్ళంతా గెడ్డవలస వాళ్ళు. ఊరి పక్క పారే గెడ్డకు కట్ట వేసినప్పుడు ఊరు నీళ్ళ కిందికి వెళ్ళింది, మనుషులు కొండకు ఇవతల ఈ భవనంలోకి వచ్చారు. ఊరు మునగకముందు గాలి వెలుతురుల శాఖ సర్వే చేసింది. నలభై ఇళ్ళూ చుట్టిళ్ళే. గుండ్రటి మట్టిగోడ, దాని మీద నేలదాకా వంగిన తాటాకు కప్పు, తల వంచి దూరాల్సిన ఒక్క గుమ్మం. కిటికీలు ఎన్ని అన్న గడిలో సర్వేయరు నలభైసార్లు సున్న వేశాడు. ఒక్క కిటికీ కూడా లేకుండా బతికిన ఊరికి ఒక కిటికీ ఇవ్వడం పెంపేనని, అది ఎన్ని రెట్లో లెక్కకు కూడా అందదని మంజూరు పత్రంలో రాశారు. తప్పని ఎవరూ అనలేకపోయారు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

ఆ ఇళ్ళలో గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు ఉండేది. గాలి అటునుంచి వచ్చి ఇటునుంచి పోయేది. చూరు కింద అరుగు మీద పడుకున్నవాళ్ళకు వాన ఏ దిక్కునుంచి వస్తోందో కళ్ళు మూసుకునే తెలిసేది. ఇల్లు సగం బయటే ఉండేది గనక కిటికీ గుర్తుకు రాలేదు. ఫారంలో ఆ సందుకు గడి లేదు, కాబట్టి సర్వేయరును అనడానికీ లేదు.

కిటికీ వచ్చినందుకు అందరికీ సంతోషమే. తొమ్మిదో నిబంధన ప్రకారం కిటికీలోంచి బయటికి పోయినవి సాయంత్రం ఆరు లోగా తిరిగి రాకపోతే శాఖ బాధ్యత వహించదు. ఇరవై రెండో ఇంటివాళ్ళకు ఒక తువ్వాలు అలాగే పోయింది. పద్నాలుగో ఇంట్లోకి వచ్చిన పిచ్చుక ఆరు లోపల వెళ్ళలేక నలభై రోజులు నూకలు తింటూ ఆగింది. పన్నెండో ఇంటివాళ్ళు పొరపాటున తమకూ పక్కింటికీ మధ్యనున్న గోడకు పెట్టేశారు. రెండు కుటుంబాలూ ఆ రోజంతా ఒకరినొకరు చూసుకుని, మధ్యాహ్నం కూరలు మార్చుకుని, దుర్వినియోగం కింద సంజాయిషీ రాసుకున్నారు.

ఆ తరవాత ఏ గోడకు పెట్టాలో చెప్పే పని తవిటినాయుడికి వచ్చింది. ఆయన నీలవేణి మామగారు. గెడ్డవలసలో నలభై చుట్టిళ్ళూ కట్టింది ఆయనే. ఇల్లు మొదలుపెట్టే ముందు ఆయన ఖాళీ జాగాలో ఒక పగలంతా ఊరికే కూర్చునేవాడు. అరచేతిలోంచి దూదిపింజ వదిలి అది ఎటు పోతుందో చూసేవాడు. మొదటిసారి పోయిన దిక్కును లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

"మొదటిపాలి గాలి ఊరికే పలకరిస్తాది. రెండోపాలి ఎటెల్తే అదే దాని తోవ. తోవలో మనం కూకోవాలి గానీ తోవకి మనం అడ్డెల్లకూడదు," అనేవాడు.

ఇప్పుడు రోజూ ఆరింటికి ఎవరో ఒకరు ఆయన్ని పిలుచుకు వెళతారు. ఆ సాయంత్రం నలభయ్యో ఇంటి రాజులమ్మ వచ్చింది.

"తవిటన్నా, ఈ పాలి సరిగ్గా సెప్పు. పోయినపాలి నువ్వు సెప్పిన గోడకి పెడితే, కింద అప్పారావు ఎండుసేపల కంపంతా నా ఇంట్లోకే వచ్చింది."

"గాలి దానికి దొరికింది అది మోసుకొచ్చింది. తప్పు సేపలది. గాలిదేటి?"

"ఓయబ్బో, గాలినొక మాట అననిస్తాడేటి! గాలికి మేనల్లుడు మరి."

తవిటినాయుడు నవ్వి, కిటికీ ఒక కొస పట్టుకుని మెట్లెక్కాడు. రెండో కొస నీలవేణి పట్టుకుంది. ఏ ఇంట్లో పెట్టినా మొదటి గాలి లోపలికి రాగానే ఆయన చెయ్యి నుదుటికి తగిలించుకుంటాడు. ఆ ఇంటివాళ్ళు కూడా తగిలించుకుంటారు.

కిటికీ తమ ఇంట్లో ఉన్న రోజు ఆయన కడుపునిండా తిని నిద్రపోతాడు. మిగిలిన ముప్పైతొమ్మిది రోజులూ ఇతర ఇళ్ళకు వెళ్ళి వచ్చాక గోడకు ఎదురుగా కూర్చుని పింజ వదులుతాడు. అది తిన్నగా కింద పడుతుంది. మళ్ళీ తీసి వదులుతాడు, మళ్ళీ తిన్నగా పడుతుంది. ఈ మధ్య రెండు ముద్దలకు మించి తినడం లేదు. తలుపు ఉంది కదా, అలా బయట తిరిగి రమ్మని కొడుకు, నీలవేణి భర్త లచ్చన్న ఒకసారి అన్నాడు. తలుపు తీస్తే ట్యూబులైట్ల వరండా, వరండా చివర గేటు, గేటు ముందు కంకర క్రషరు లారీలు పోయే రోడ్డు.

"ఆ తలుపు మనిషిని రోడ్డు మీదికి తోస్తాదిరా నాయినా. బయటికి పంపదు," అన్నాడు తవిటినాయుడు.

ఆ నలభై వంతులూ నడుస్తుండగా శాఖ నుంచి అభిప్రాయ పత్రాలు వచ్చాయి. ఇంటికొకటి. అందులో ఒకటే ప్రశ్న ఉంది: మీకు ఏమైనా లోటు ఉన్నదా?

గెడ్డవలసలో ఒక మర్యాద ఉంది. వచ్చినవాడు ఏం లోటని అడిగితే మొదటిసారి ఏం లేదనే చెప్పాలి. అతను కూర్చుని, మంచినీళ్ళు తాగి, రెండోసారి అడిగితే అప్పుడు ఉన్నమాట చెప్పాలి. మొదటిసారే చెప్పేస్తే మనిషిని గుమ్మంలో నిలబెట్టి పని పురమాయించినట్టు. పెళ్ళిసంబంధాలైనా, పొలం తగాదాలైనా అక్కడ రెండో ప్రశ్నతోనే మొదలయ్యేవి.

నీలవేణి ఊరి బడిలో పదో తరగతి దాకా చదివింది. దస్తూరి బాగుంటుంది. నలభై పత్రాలూ ఆమే రాసింది. ఇంటింటికీ వెళ్ళి వాళ్ళు చెప్పింది విని, ఒకరి మాట ఇంకొకరిది కాకుండా రాసింది. ఒకరు కిటికీ రోజున చంటిబిడ్డ ఏడవలేదని కృతజ్ఞత చెప్పుకున్నారు. ఒకరు కొండ మీద మబ్బు లేదని చూసి బట్టలు ఆరేసుకున్నామన్నారు. అప్పారావు తన చేపలు ఎండినందుకు దండాలు పెట్టాడు. అందరూ చివర "మాకు ఏ లోటూ లేదు" అన్నారు. అవేవీ అబద్ధాలు కావు. మొదటిసారి చెప్పే మాటలు.

"కింద సగం కాయితం ఖాళీ ఒగ్గీ," అంది రాజులమ్మ. "రెండోపాలి అడిగితే నా కతంతా సెప్తాను."

నీలవేణి అన్ని పత్రాల్లోనూ కింది సగం ఖాళీగా వదిలింది.

పద్దెనిమిది రోజులకు ఉత్తర్వు వచ్చింది. నిర్వాసితులు నలభై కుటుంబాలవారూ ఏ లోటూ లేదని రాతపూర్వకంగా తెలియజేసినందున, కిటికీ ఉద్దేశం నెరవేరినట్టు శాఖ భావిస్తున్నది. ప్రస్తుత నలభై వంతులూ ముగిశాక దాన్ని లోటు ఉన్న వేరొక కాలనీకి తరలిస్తారు. భవనానికి ఉత్తమ సంతృప్త భవనంగా ప్రశంసాపత్రం ఇస్తారు. గోడకు తగిలించుకోవడానికి వీలుగా దాన్ని కిటికీ కొలతల్లోనే చట్రం కట్టిస్తున్నారు.

నీలవేణి ఉత్తర్వును వరండాలో నిలబడి అందరికీ చదివి వినిపించింది.

"అంత బాగా రాయమని ఎవులు సెప్పారే నీకు?" అంది రాజులమ్మ.

"నువ్వు సెప్పిందే రాసినాను పిన్నీ."

"సెప్పింది రాసెత్తారేటే, సదూకున్నదానివి!"

కొందరు నవ్వారు. మళ్ళీ ఒక కాగితం రాద్దామని అప్పారావు అన్నాడు. రాస్తే ముందు రాసిన నలభై కాగితాలూ అబద్ధమవుతాయి. పైగా ఎవరూ అడగకుండా లోటు చెప్పుకోవడం ఆ ఊళ్ళో ఎప్పుడూ లేదు.

"ఆ కాలనీ ఓల్లకి ఒక్కటీ లేదంట," అంది రాజులమ్మ. "పోన్లే, ఆల్లూ సూసుకుంతారు. మనం ఇన్నాల్లు సూసుకున్నాం కదా."

చాలామంది తల ఊపారు. శాఖవాళ్ళు ముందుగా చెప్పినందుకు బాగుందని కూడా అనుకున్నారు. నీలవేణి మాత్రం మామగారి వైపు చూసింది. ఆయన అరచెయ్యి తెరిచి పింజను చూసుకుంటున్నాడు. ఇక అది ఏ రోజు వదిలినా తిన్నగానే పడుతుంది. అలా పడేది తను రాసిన అక్షరాల వల్లేనని నీలవేణికి అనిపించింది. ఆ సాయంత్రం ఆయన ఒక్క ముద్ద తిన్నాడు.

ఒకటో ఇంటి వంతు వచ్చేనాటికి ముప్పైతొమ్మిది ఇళ్ళవాళ్ళు కిటికీకి పసుపు రాసి, దండం పెట్టి సాగనంపారు. నీలవేణి ఎప్పటిలా నడుం ఎత్తున కొండవైపు గోడకు ఆనించబోయింది.

"ఈ పాలి నేలకి ఆనించీయమ్మా," అన్నాడు తవిటినాయుడు.

ఎత్తు గురించి నిబంధనల్లో ఏమీ లేదు. ఆమె నేలకు ఆనించింది. ఒక అడుగు వెనక్కు వేసి చూసింది. పెళ్ళయిన రోజున తల వంచి దూరిన గుమ్మం గుర్తుకొచ్చింది. ఆ రోజు బయట మాడిపోయే ఎండ. లోపల అడుగు పెట్టగానే కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉంది. కొత్తచోటు భయమంతా ఆ చల్లదనానికే సగం తగ్గింది. ఆ ఇంటికి అంత తక్కువ ఎత్తు గుమ్మం ఎందుకని ఆమె అడిగితే, "వొంగితే గాలికి దండమెట్టినట్టు ఉంతాది, తుపానొస్తే గుర్తెట్టుకుంతాది," అన్నాడాయన. ఆయనకు తాను ఎప్పుడూ కృతజ్ఞత రాయలేదని ఆమెకు ఇప్పుడు తోచింది. ఆయన ఎప్పుడూ పత్రం ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున లచ్చన్న క్రషరు పనికి వెళ్ళబోతుంటే తవిటినాయుడు కొడుకు భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. లచ్చన్న ఆగి తండ్రి ముఖం చూశాడు, కిటికీ చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళాడు. తవిటినాయుడు ఆ రోజంతా కిటికీ ముందే కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. బయట కొండవాలులో ఎవరికీ కేటాయించని మెట్ట జాగా ఉంది, నాలుగు తాటిచెట్లున్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టినట్టు చూశాడు.

అయిదున్నరకు సహాయ గవాక్ష అధికారి కృపావరం గారు వచ్చారు. చెప్పులు బయట విడిచారు. వెంట వచ్చిన ఇద్దరు మనుషులు ప్రశంసాపత్రాన్ని గోడకు ఆనించి వ్యాను దగ్గరికి వెళ్ళారు.

"ఏమైనా లోటుందామ్మా?" అని అడిగారాయన.

"ఏం లేదు సార్. కూర్చోండి."

ఆమె కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. ఆయన కూర్చుని తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. తవిటినాయుడు కూడా ఇటు తిరిగి చూశాడు. కృపావరం గారు గ్లాసు కింద పెట్టారు. తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నారు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా. కుండవా?"

"కుండవే సార్."

"మంచిది," అని ఆయన రిజిస్టరు తెరిచారు.

నీలవేణి ఇంకొంచెంసేపు నిలబడింది. తరవాత పాత పేపరు తీసుకుని అద్దాలు తుడిచింది, మూలలు తుడిచింది, కింది చెక్కకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. మంచం కింద నుంచి, చుట్టిళ్ళు కట్టిన నాటి మామగారి గునపం లాగి కిటికీ పక్కన నిలబెట్టింది. రాత్రికి వండిన అన్నం గిన్నెలో సర్ది, గుడ్డ కట్టి, దాని పక్కన పెట్టింది.

కృపావరం గారు ఇదంతా చూశారు. ఉద్యోగంలో ఆయన చాలా ఇళ్ళు చూశారు.

"తొమ్మిదో నిబంధన తెలుసు కదమ్మా? ఆరు దాటితే శాఖ బాధ్యత ఉండదు."

"తెలుసు సార్."

"అయితే సభ్యుల గడిలో ముగ్గురు వెయ్యాలా, ఇద్దరా? తరవాత దిద్దుబాట్లు కుదరవు."

ఆమె మామగారిని చూసింది. ఆయన అరచెయ్యి తెరిచి పింజ వదిలాడు. అది కిటికీ దాకా వెళ్ళి, చెక్కను తాకి, గదిలోకి తిరిగి వచ్చింది. ఆయన దాన్ని ఏరుకుని మళ్ళీ చేతిలో పెట్టుకున్నాడు.

"ఇద్దరు వేసుకోండి సార్," అంది నీలవేణి.

"గదికి ఇద్దరైతే తలసరి గాలి పెరుగుతుంది. మీకూ మంచిదే."

"మీ దయ సార్."

ఆయన అంకె వేసి ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. ఆరుకు ఏడు నిమిషాలున్నాయి. తవిటినాయుడు రెండోసారి పింజ వదిలాడు. ఈసారి అది ఆగలేదు. కిటికీ దాటి, గడ్డి మీదుగా, తాటిచెట్ల దిక్కు తిన్నగా పోయింది.

ఆయన లేచి చెయ్యి నుదుటికి తగిలించుకున్నాడు. గునపం భుజాన వేసుకుని, గిన్నె పట్టుకున్నాడు. కింది చెక్క మీద పసుపు చెదరకుండా గడప దాటినట్టు కాలెత్తి దాటాడు. నడుం వంచి బయటికి నడిచాడు. చూరు ఉండాల్సినంత దూరం దాటేదాకా తల ఎత్తలేదు.