ఇరవై బాక్సుల తిరుగు ప్రయాణం

అయ్యా, ఇల్లు కట్టేవాళ్లకు నాదొక ఉచిత సలహా. సామాను తెప్పించుకోవడంలో ఏముంది గొప్ప? ఎవరైనా తెప్పిస్తారు. తిరిగి పంపండి! మనిషికి జ్ఞానం వచ్చేది అక్కడే. దీన్ని ఇంజనీర్లు రివర్స్ లాజిస్టిక్స్ అంటారట. మా అద్దంకిలో దానికి ఆద్యుణ్ని నేనే.

రెండువేల మూడులో ఇల్లు మొదలుపెట్టాను. నలభై బాక్సుల టైల్స్ చాలన్నాడు మేస్త్రి బుడే సాహెబ్. "పగిలేవి కూడా కలిపే చెప్పానండీ" అన్నాడు. నేను వింటానా? ముప్పై ఏళ్లు పత్తి వేసిన చెయ్యి! మొలవని చోట మళ్లీ పెట్టడానికి గింజలు సగం ఎక్కువ కొనడం మా ఇంట్లో ఆచారం. గుంటూరు కొట్టు నుంచి అరవై బాక్సులు తెప్పించాను. గుంటూరు యార్డులో మిర్చి దింపి ఖాళీగా వచ్చే లారీ కాబట్టి బాడుగ కారుచౌక. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నలభైతో ఇల్లంతా నిండింది. టైల్స్ అన్నీ మొలిచాయి మరి!

మిగిలిన ఇరవై వాపసు పంపుదామంటే లారీ డ్రైవరు వీరాంజనేయులు నవ్వాడు. "వచ్చేటప్పుడంటే ఖాళీ బండండీ. పోయేటప్పుడు మిర్చి బండి. మీ బాక్సులకి పది బస్తాల చోటు పోద్ది. మిర్చి బాడుగే ఇవ్వాలి." ఇచ్చాను. రివర్స్‌కు వెనకాడే మనిషినా నేను?

గుంటూరు కొట్టాయన మొదటి బాక్సు తెరిచి వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాడు. ఘాటు పట్టిన బాక్సులు కొత్త సరుకు కిందికి రావన్నాడు. తొమ్మిదింట్లో టైల్స్ పగిలాయన్నాడు. మిగతావాటికి డబ్బు ఇవ్వరట, సరుకే ఇస్తారట. ఓ గులాబీ రంగు వాష్‌బేసిన్ తెచ్చుకున్నాను. అది పెట్టాలంటే కట్టిన గోడ పగలగొట్టాలి. పగలగొట్టించాను! ఒక్క వాపసుతో లారీకి, కొట్టుకు, కూలీలకు పని కల్పించాను. ప్రభుత్వాలు చెయ్యగలవా ఈ పని?

మా ఆవిడ రాజ్యానికి మాత్రం ఈ శాస్త్రం తలకెక్కలేదు. ఖర్చయింది వంటింటి తలుపు కోసం దాచిన డబ్బు. గృహప్రవేశం నాడు ఆ గుమ్మానికి మిర్చి గోతం వేలాడదీసింది. గోతానికి గడియ ఉండదు కదా!

"పొంగించిన పాలు కుక్క తాగిపోయింది. మీరు ఆ బేసిన్లో మొహం కడుక్కుంటా కూర్చోండి!" అంది, కళ్లనీళ్లు పెట్టుకుని. నిజం చెప్తున్నాను, సిగ్గేసింది.

భోజనానికి వచ్చిన బుడే సాహెబ్ గోతం పక్కకు జరిపి వంటింట్లోకి చూశాడు. నావైపు చూశాడు. గోతం మళ్లీ సరిచేసి, వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంత ఇంటి మీద బాడుగ లేకుండా, తుమ్ము లేకుండా, ఏదీ పగలకుండా నేను వెనక్కి పంపింది ఒక్కటే. మొదటిరోజు బుడే సాహెబ్ చెప్పిన మాట.