అద్దాల పెట్టెలో బొంత

"బొంతకు మ్యూజియం లేని జాతికి భవిష్యత్తు లేదు" అని చేనేత, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులు గద్వాల బహిరంగ సభలో ప్రకటించారు.

ఆయన అప్పుడే అమెరికా పర్యటన ముగించుకుని వచ్చారు. వెళ్లింది మగ్గాల ఆధునికీకరణను అధ్యయనం చేయడానికి. అయితే మగ్గాలున్న ఊరు దూరంగానూ, బొంతల మ్యూజియం హోటలుకు ఎదురుగానూ ఉండటం వల్ల అధ్యయనం ఎదురుగా ఉన్నదాని మీదికి మళ్లింది. అక్కడ తాతలనాటి బొంతలను అద్దాల్లో పెట్టి, లైట్లు వేసి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. జనం చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడుస్తున్నారు. మంత్రిగారు చలించిపోయారు. తన నియోజకవర్గంలో బొంత లేని గుడిసె లేదు. ఒక్క బొంతకూ లైటు లేదు.

సభకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది నేతపనివాళ్లు. ప్రభుత్వ డిపోకు నూలు రాక మగ్గాలు ఆగిపోయిన రోజులవి. ధర్మయ్య అనే పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"సారూ, మ్యూజియం మంచిదే. పెట్టేదుంటే మా చీరలకు పెట్టుండ్రి. గంతకంటే ముందుగాల జర నూలు ఇప్పియ్యుండ్రి."

మంత్రిగారు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పారు. "పెద్దాయనా, చీర అమ్ముడుపోతుంది. అమ్ముడుపోయేది సరుకు. అమ్ముడుపోనిది సంస్కృతి. మా ప్రభుత్వం సంస్కృతికి కట్టుబడి ఉంది."

మొదటి చప్పట్లు కొట్టింది గోవర్ధన్.

గోవర్ధన్ నేతవాళ్ల ఇంటి బిడ్డే. మగ్గం గుంటలో కాలు పెట్టవలసిన వయసులో పార్టీ జీపులో పెట్టాడు. ఉపన్యాసంలో ఎక్కడ చప్పట్లు పడాలో ఆయనకు తెలిసినట్టు జిల్లాలో మరొకరికి తెలియదు. ఆ సేవకు గుర్తింపు ఇన్నాళ్లకు వచ్చింది. మంత్రిగారు వేదిక మీదనే ఆయన్ని మ్యూజియం ప్రత్యేకాధికారిగా నియమించారు. జీతం లేదు గానీ పేరుతో బోర్డు ఉంటుంది. గోవర్ధన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బోర్డు కోసం మనిషి ఎంత తపిస్తాడో బోర్డు లేనివాడికే తెలుస్తుంది.

భవనం వెతకనక్కర లేకపోయింది. నూలు డిపో గోదాము ఖాళీగా ఉంది. నూలు రాకపోవడం వెనక ఇంత దూరదృష్టి ఉందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

మొదటి బొంత గోవర్ధన్ తన ఇంటినుంచే తీసుకుపోయాడు. సాయంత్రం భార్య అలివేలు ఇల్లంతా వెతికింది.

"మన బొంత ఏదయ్యా?"

"సంస్కృతిల పోయింది."

"చలికాలం వస్తున్నది. ఏం కప్పుకోవాలె?"

"నాయకుని పెండ్లామన్నంక జర త్యాగం ఉండాలె."

"త్యాగం మందంగ ఉంటదా, పల్చగ ఉంటదా?" అని అలివేలు అడిగింది.

తర్వాత జీపు బయలుదేరింది. ధరూర్ పల్లెలు, వనపర్తి, నాగర్‌కర్నూల్, అటు అమ్రాబాద్ అడవి అంచు దాకా తిరిగింది. మ్యూజియం అంటే ఏమిటో చెప్పడం గోవర్ధన్‌కు కష్టమైంది. ఇంతలో జీపు కంటే ముందే ఒక మాట ఊళ్లల్లోకి చేరిపోయింది. సర్కారు పాత బొంతలు తీసుకుని కొత్త దుప్పట్లు ఇస్తుందట. ఆ మాట గోవర్ధన్ చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. జీపు నిండింది.

గద్వాల శివారు గుడిసెల్లో వెంకటమ్మ అనే ముసలామె ఒంటరిగా ఉండేది. భర్త కురుమయ్యతో కలిసి వయసంతా కాలువలు తవ్వే పనులకు వలసపోయిన మనిషి. ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడ ఆ బొంత పరిచేవాళ్లు. కురుమయ్య ధోవతి, ఆమె పెళ్లి చీర, పసితనంలోనే పోయిన కొడుకు అంగీ, అన్నీ అందులోనే ఉన్నాయి. జీపు గుడిసె ముందు ఆగినప్పుడు ఆమె బొంతను మడతపెట్టి, కాసేపు ఒళ్లో ఉంచుకుని, తర్వాత ఇచ్చింది.

"కొత్త దుప్పటి ఎప్పుడిస్తరు కొడుకా?"

"వస్తది అవ్వా."

"చలి రాకముందే గదా?"

"రెండూ వస్తయి" అన్నాడు గోవర్ధన్, జీపు ఎక్కుతూ.

రెండింటిలో ఒకటి వచ్చింది.

ప్రారంభోత్సవం నాటికి చలి ముదిరింది. గోదాము ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అందరూ దుప్పట్ల కోసం వచ్చారు. "ఇంత సాంస్కృతిక చైతన్యం నేను అమెరికాలో కూడా చూడలేదు" అని మంత్రిగారు గద్గదంగా అని రిబ్బను కత్తిరించారు.

లోపల బొంతలన్నీ అద్దాల పెట్టెల్లో, ట్యూబులైట్ల కింద పడుకుని ఉన్నాయి. పెట్టెలు పెద్దవి, మంచం పట్టేంత వెడల్పు. కాంట్రాక్టరుకు అద్దం ఎంత ఎక్కువ పడితే అంత సంతోషం. జనం తమ తమ బొంతలను గుర్తుపట్టి కేకలు వేశారు. వెంకటమ్మ తన బొంత ముందు నిలబడి, పక్కన ఉన్న చీటీ చదవమని గోవర్ధన్‌ను అడిగింది.

"బొంత. పాలమూరు శైలి. కాలం, ప్రాచీనం."

"ప్రాచీనమంటే?"

"శానా పాతదని."

"గా మూల మొన్న శ్రావణంల కుట్టిన గదా? సరే తియ్యి. దుప్పట్లేవి?"

ఆ ప్రశ్న నోటి నుంచి నోటికి పాకి మంత్రిగారి దాకా పోయింది. ఆయన ఆశ్చర్యపోయారు. "దుప్పట్లా? బడ్జెట్టంతా అద్దాలకే సరిపోలేదే!" అని నిజాయితీగా చెప్పి కారెక్కారు. దాచుకునే స్వభావం ఆయనకు మొదటి నుంచీ లేదు.

మరునాడు సాయంత్రం గోవర్ధన్ తలుపు మూస్తుంటే వెంకటమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"టైమైపోయింది, పో అవ్వా."

"యాడికి పోవాలె? రాత్రి సలికి పండ్లు కొట్టుకుంటనే ఉన్నయి. నిద్ర లేదు. జర నా బొంత ఇయ్యి. పొద్దుగాల తెచ్చి మల్ల గా అద్దంల పెడ్త. ఒట్టు."

అది ప్రభుత్వ ఆస్తి అని చెప్పబోయాడు గోవర్ధన్. కానీ రాత్రి ఆయన కూడా నిద్రపోలేదు. అలివేలు ఉన్న ఒక్క పల్చటి దుప్పటినీ తనవైపు లాక్కుని, తెల్లారేదాకా త్యాగం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన చుట్టూ చూశాడు. పెట్టె తెరిచాడు. తలుపు మూసేముందు తన ఇంటి బొంతనూ చంకలో పెట్టుకున్నాడు.

వెంకటమ్మ మాట తప్పలేదు. పొద్దున్నే తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం ఆమె వెంట గుడిసెలవాళ్లు వచ్చారు. మరునాడు వీధులవాళ్లు వచ్చారు. గోవర్ధన్ ఎవరినీ కాదనలేకపోయాడు. అమ్రాబాద్, నాగర్‌కర్నూల్ బొంతలు మాత్రం అద్దాల్లోనే ఉండిపోయాయి. అక్కడివాళ్ల చలి గద్వాల దాకా వినపడలేదు.

మ్యూజియంలోకి ఎవరు అడుగుపెట్టినా సందర్శకుల కింద రాసుకోవాలని నిబంధన. బొంత తీసుకోవడానికి వచ్చినవాళ్లూ, తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లూ అందరూ సందర్శకులే అయ్యారు. నెల తిరిగేసరికి రాష్ట్రంలో అత్యధికులు సందర్శించే మ్యూజియం గద్వాల బొంతల మ్యూజియమని హైదరాబాదులో తేలింది. చూసినవాళ్లే మళ్లీ చూడటానికి వస్తున్నారని, పొద్దున చూసినా తనివి తీరక సాయంత్రం మళ్లీ వస్తున్నారని పత్రికలు రాశాయి.

మంత్రిగారు వనపర్తి అతిథిగృహానికి గోవర్ధన్‌ను పిలిపించారు. "ఏం చేశావయ్యా? రహస్యం చెప్పు" అన్నారు.

గోవర్ధన్ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. పదవి పోతుందని ఆయనకు ఖాయమైంది. బోర్డు కళ్లముందు తిరిగింది. మంత్రిగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అంటే, రాత్రంతా మన వస్తువులను వాళ్లు కాపాడుతున్నారు."

"అవును సార్. కప్పుకొని కాపాడుతున్నరు."

"జీతం అడుగుతున్నారా?"

"లేదు సార్."

"మరి వాళ్లే కదయ్యా మన నైట్ వాచ్‌మన్లు!"

వెనకబడిన ప్రాంతంలో ఒక్క మ్యూజియంతో వందల మందికి ఉపాధి అని శాసనసభలో ప్రకటన వెలువడింది. బల్లలు మోగాయి. గుడిసెల్లో ఒక్కొక్కరికీ ముద్రవేసిన నియామకపత్రం చేరింది. గౌరవ రాత్రి కాపలాదారు. వేతనం: గౌరవం. వెంకటమ్మ ఆ కాగితాన్ని చూరులో దోపుకుంది. ఇరుగుపొరుగు ఆమెను "నౌకరిదారు" అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె నవ్వుకునేది.

తర్వాతి నెల ఆమెకు వితంతు పింఛను రాలేదు. గోవర్ధన్ ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. గుమాస్తా తల ఎత్తలేదు.

"ప్రభుత్వోద్యోగికి వితంతు పింఛను ఇవ్వకూడదు."

"జీతం లేదు గద సార్!"

"జీతం సంగతితో నాకు సంబంధం లేదు. ఉద్యోగం ఉందా, లేదా?"

"నాకద్దు నౌకరి" అంది వెంకటమ్మ. "తీసేయుండ్రి."

అప్పుడు గుమాస్తా తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. "నీకు వయసెంత?"

"తెల్వదు సారూ. డెబ్బై దగ్గరుండొచ్చు."

"ఇంకా సర్వీసులో ఉన్నావా?" గుమాస్తా గాభరాపడ్డాడు. "నువ్వు ఎప్పుడో రిటైర్ కావలసింది! ఏమయ్యా ప్రత్యేకాధికారీ, నిద్రపోతున్నావా? వెంటనే రిటైర్ చేయి. ఆమె స్వాధీనంలో ఉన్న ప్రభుత్వ ఆస్తి జమ చేయించుకో."

"రిటైరైనోళ్లకు గూడ పింఛను ఉంటది గద సార్?" అన్నాడు గోవర్ధన్ ఆశగా.

"దానికి సర్వీసు చాలదు."

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. గోవర్ధన్ దండ వేశాడు. వెంకటమ్మ సేవలను నాయకులు కొనియాడారు. ఆమె బొంత మడతపెట్టి ఇచ్చింది. పెట్టెలో పెట్టి తాళం వేశారు. చప్పట్లు కొట్టవలసిన చోట గోవర్ధన్ చేతులు లేవలేదు. జీవితంలో అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత పొద్దున ఆయన మ్యూజియం తెరవడానికి వస్తే మెట్ల మీద వెంకటమ్మ ముడుచుకుని పడుకుని ఉంది. దగ్గు. ఒళ్లు కాలిపోతోంది.

"దవాఖానకు పోదాం పా అవ్వా."

"నిన్న పోయిన. గోలీలిచ్చి, సలికి తిరగకు, మంచిగ కప్పుకొని పండుకో అన్నరు."

గోవర్ధన్ తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బొంత బయటికి పోతే పదవి పోతుంది. పోకపోతే ఇంటి దగ్గర అలివేలుకు ఏం చెప్పాలి? ఆమె ఏమీ అడగదు, చూస్తుందంతే. చాలాసేపటికి ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రాజకీయాల్లో అంతకాలం ఉన్నందుకు అదొక్కటే ఫలితం.

"అవ్వా, బొంత బయటికి పోవద్దన్నరు. నువ్వు లోపటికి పోవద్దని ఎవ్వరన్లేదు."

పెట్టె తెరిచి ఆమె చేయి పట్టుకుని ఎక్కించాడు. బొంత కప్పాడు. ఆమె వెంటనే నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే బయట కార్ల హారన్లు మోగాయి. అమెరికా మ్యూజియంవాళ్లు ఇద్దరు దొరసానులు మన మ్యూజియం చూడటానికి వచ్చారు. మంత్రిగారు స్వయంగా వెంటబెట్టుకుని వచ్చారు. గోవర్ధన్ గబగబా పెట్టె మూసేశాడు.

దొరసానులు ఒక్కొక్క పెట్టెనూ చూస్తూ వచ్చి వెంకటమ్మ ముందు ఆగిపోయారు. ఒకామె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇలాంటి బొమ్మ ప్రపంచంలో ఎక్కడా చూడలేదని, ఊపిరి పీలుస్తున్నట్టే ఉందని దుబాసీ చెప్పాడు.

మంత్రిగారు ఒక్క క్షణం గోవర్ధన్ వైపు చూశారు. "స్థానిక పరిజ్ఞానం" అన్నారు.

లోపల వెంకటమ్మ దగ్గింది.

"శబ్దం కూడా ఉంది" అన్నారు మంత్రిగారు.

ఆ సాయంత్రానికే ఉత్తర్వులు వచ్చాయి. సదరు ప్రదర్శన శాశ్వతం. సంరక్షణ నిధి నుంచి రెండు పూటలా భోజనం, మందులు. గోవర్ధన్ మరోసారి పింఛను ఆఫీసుకు పోయి, ఆమె ఇప్పుడు ఉద్యోగి కాదు కాబట్టి పింఛను తిరిగి ఇవ్వమని అడిగాడు. "ఆమె ఇప్పుడు వస్తువు" అన్నాడు గుమాస్తా. "వస్తువు వితంతువెట్లా అవుతుందయ్యా?"

వారం గడిచేసరికి వెంకటమ్మకు జ్వరం తగ్గింది. ముఖంలో కాస్త కళ వచ్చింది. పొద్దున్నే గోవర్ధన్ గంజి గిన్నె అందించి, పెట్టె మీద కొత్త చీటీ అతికించాడు.

"ఏం రాసిండ్రు కొడుకా?"

"ముట్టుకోవద్దని."

"మంచిదే" అంది వెంకటమ్మ, బొంత భుజాల దాకా లాక్కుంటూ. "నీకింటికి పోవాలనిపిస్తే చెప్పు అవ్వా" అన్నాడు గోవర్ధన్. ఆమె గోదాము కప్పు వైపు, నాలుగు వైపులా ఉన్న అద్దాల వైపు చూసింది. "గుడిసెలకు సలిగాలొస్తది" అని గంజి తాగసాగింది.

గోవర్ధన్ పోయి వాకిలి తెరిచాడు. మెట్ల దగ్గర ఎప్పటిలాగే వరుస ఉంది. కానీ ఎవరి చేతుల్లోనూ బొంతలు లేవు, మూటాముల్లె ఉన్నాయి. అందరూ ముసలివాళ్లే. ఊళ్ల నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కాళ్లనిండా దుమ్ము. అందరికంటే ముందు పుష్పమ్మ అనే అమ్రాబాద్ ముసలామె నిలబడి ఉంది.

"మా బొంత గీడనే ఉన్నదంట గద కొడుకా" అంది ఆమె, లోపలికి తొంగి చూస్తూ. "గా పెట్టె జర వెడల్పుదేనా? మా ముసలాయన గూడ వచ్చిండు."